పంచాంగంలో చదవని ఆదాయ వ్యయాలు: అమెరికాలోని ఊరూరి తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

అధ్యక్షులకు, కార్యదర్శులకు, ట్రస్టీలకు, ముఖ్యంగా "ఎక్సెల్ మీకు బాగా వచ్చుగా" అన్న ఒక్క మాటకు పడిపోయి ఈ జనవరిలో కోశాధికారి పదవి నెత్తిన వేసుకున్నవారికి,

నమస్కారం.

ప్రతి ఉగాదికీ మన సంఘాల వేదికల మీద పంచాంగ శ్రవణం ఉంటుంది. పంతులుగారు పన్నెండు రాశులకూ ఆదాయమెంతో వ్యయమెంతో, రాజపూజ్యమెంతో అవమానమెంతో వరసగా చదువుతారు. ఆదాయం 2, వ్యయం 14 వచ్చిన రాశివాళ్లు పక్కవాళ్ల వంక చూసి నవ్వుతారు. ఆ హాలు అద్దె, ఆ పులిహోర, పంతులుగారి సంభావన ఏ సంఘం డబ్బుతో నడుస్తున్నాయో ఆ సంఘం ఆదాయ వ్యయాలు మాత్రం ఆ మైకులో ఎవరూ చదవగా నేను వినలేదు. నిజానికి మన సంఘాలకూ ఏటా ఒక పంచాంగం ఉంది. దాని పేరు ఫారం 990. రాసేది మనమే, అడిగేది ఐఆర్ఎస్, అంటే అమెరికా పన్నుల శాఖ. ఈ ఉత్తరం దాని గురించే.

నేను సీపీఏను, అంటే లైసెన్సున్న అకౌంటెంట్‌ను కాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, శనివారం తెలుగు బడి. మా ఊరి సంఘానికి ఆరేళ్లు కోశాధికారిగా చేసి దిగిపోయాను. చేరిన మొదటి నెలలోనే ఒక ఫోన్ వచ్చింది. ఏటా చందా ఇచ్చే పెద్దాయన. "ఏమ్మా, మా కంపెనీ మ్యాచింగ్ పోర్టల్లో మన సంఘం పేరు కనబడటం లేదేంటి? ఎక్కడైనా స్పెల్లింగ్ మార్చారా?" అన్నారు. ఉద్యోగి ఇచ్చిన చందాకు కంపెనీ కూడా అంతే కలిపి ఇచ్చే పోర్టల్ అది. నేనూ స్పెల్లింగే అనుకున్నాను. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో మా ఈఐఎన్ (సంఘం పన్ను గుర్తింపు సంఖ్య) కొట్టి చూశాను. మా పేరు ఉంది, స్పెల్లింగ్ కూడా సరిగ్గానే ఉంది. కాకపోతే అది పన్ను మినహాయింపు రద్దయిన సంస్థల జాబితా.

మూడేళ్లుగా రిటర్న్ వేయలేదట. వరసగా మూడు కమిటీలు. మొదటి కమిటీవారు "మనం నాన్ ప్రాఫిట్ కదా, పన్నే లేనప్పుడు ఫైలింగ్ ఏమిటి" అనుకున్నారు. రెండో కమిటీవారు మొదటివారు వేశారనుకున్నారు. మూడో కమిటీవారికి అలాంటిదొకటి ఉందని ఎవరూ చెప్పలేదు. తిలాపాపం తలా పిడికెడు. ఇందులో ఒక్కరూ పైసా తినలేదు, అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. తినకపోయినా రద్దు రద్దే.

ఐఆర్ఎస్ ఉత్తరాలు పంపలేదా అంటే పంపింది. అవి మూడు కమిటీల కిందటి అధ్యక్షుడుగారి ఇంటికి వెళ్లాయి, ఎందుకంటే సంఘం పెట్టినప్పుడు ఇచ్చిన చిరునామా అదే. ఆయన ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్లిపోయారు. ఆ ఇంట్లో ఇప్పుడున్నవాళ్లకు మన సంఘం పేరు పలకడం కూడా రాదు.

కొత్తవారి కోసం అసలు సంగతి చెబుతాను. 990 పన్ను కట్టే కాగితం కాదు, సమాచారం ఇచ్చే కాగితం. మన సంఘాలు చాలావరకు 501(సి)(3), అంటే పన్ను చట్టంలో సేవా సంస్థలకున్న సెక్షన్ కింద మినహాయింపు పొందినవి. ఆ మినహాయింపు ఒకసారి వస్తే జన్మంతా ఉంటుందని మనవాళ్ల నమ్మకం. అది రేషన్ కార్డు లాంటిది, ఏటా కనబడకపోతే పేరు తీసేస్తారు. 2006లో వచ్చిన పెన్షన్ ప్రొటెక్షన్ యాక్ట్ ఈ పని చేసింది: వరసగా మూడేళ్లు రిటర్న్ గానీ, దాని బదులు చిన్న సంఘాలు ఆన్‌లైన్‌లో వేసే పోస్ట్‌కార్డు గానీ వేయకపోతే మినహాయింపు దానంతట అదే పోతుంది. అధికారి దయతలచి ఆపడానికి వీల్లేదు, మనం వెళ్లి బతిమాలడానికి కిటికీ లేదు. 2011 జూన్‌లో ఐఆర్ఎస్ మొదటి జాబితా విడుదల చేసినప్పుడు అందులో సుమారు 2,75,000 సంస్థలున్నాయి. పెద్దపెద్ద మోసగాళ్లనుకోకండి, ఎక్కువ భాగం మనలాంటి చిన్నాచితకా సంఘాలే. 2019 నాటి చట్టం తర్వాత, రెండేళ్లు వేయకపోతే మూడో ఏడు హెచ్చరిక పంపాలన్న నియమం కూడా వచ్చింది. ఆ హెచ్చరిక ఏ ఇంటికి వెళ్తుందో మళ్లీ చెప్పక్కర్లేదు కదా.

మళ్లీ నిలబెట్టుకోవడం కుదురుతుంది. మా లాంటి చిన్న సంఘాలకు, రద్దు ఉత్తరం తేదీ, జాబితాలో పేరు పెట్టిన తేదీ ఈ రెండింటిలో ఏది తర్వాతదైతే అక్కడినుంచి 15 నెలల లోపు దరఖాస్తు పెడితే, రద్దయిన తేదీ నుంచే వర్తించేలా పునరుద్ధరించే దారి ఒకటుంది. మా రాబడి 50 వేలు దాటుతుంది కాబట్టి చిన్న దరఖాస్తు 1023-ఈజెడ్ మాకు పనికిరాలేదు. పూర్తి ఫారం 1023 వేశాం, రుసుము 600 డాలర్లు. డబ్బుదేముంది, అసలు శిక్ష వేరే: వేయని మూడేళ్లకూ 990-ఈజెడ్‌లు, అంటే 990కి కుదించిన ఫారాలు, ఇప్పుడు రాయాలి.

ఎలా రాస్తారు? బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించాం. జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి) వచ్చిన సొమ్ము పక్కన "ఉగాది" అని ఒకరు, "ఫర్ ఆంటీ" అని ఒకరు, బిర్యానీ బొమ్మ ఒక్కటి పెట్టి ఇంకొకరు. అది టికెట్టా, చందానా, సభ్యత్వమా? ఒక ఏడాది మొత్తం డబ్బు అప్పటి కోశాధికారి సొంత జెల్ ఖాతాకు వెళ్లి, అక్కణ్నుంచి మూడు ముద్దలుగా సంఘం ఖాతాకు వచ్చింది. ఆయన నిజాయితీపరుడే, తన ఫోన్‌లోని స్క్రీన్‌షాట్లన్నీ వెతికి ఇచ్చారు. కానీ ఒకరి సొంత ఖాతాలో అద్దె, కిరాణా, కిండర్‌గార్టెన్ ఫీజు నడుమ దీపావళి టికెట్లను ఏరడమంటే బియ్యంలో రాళ్లు కాదు, బియ్యంలో బియ్యం ఏరడం. నాలుగు నెలల వారాంతాలు పోయాయి.

మా నాన్న పల్లెటూళ్లో సహకార సంఘం లెక్కలు రాసేవారు. రోజూ సాయంత్రం చిట్టా, వారానికోసారి ఆవర్జా. పావలా తేడా వస్తే అన్నం చల్లారిపోయేది. "లెక్క రాయడానికి ఐదు నిమిషాలు, రాయని లెక్క వెతకడానికి ఐదు రోజులు" అనేవారు. ఆయనకు డాలర్ లెక్కలు తెలియవు గానీ, ఆ నాలుగు నెలలూ నాకు ఆయనే గుర్తొచ్చారు.

ఇక నేను పదేపదే చూసిన పొరపాట్లు. మొదటిది పోస్ట్‌కార్డు భ్రమ. 990-ఎన్ అని ఒకటుంది, ఆన్‌లైన్ పోస్ట్‌కార్డు. ఎనిమిది వివరాలు, పది నిమిషాల పని. మామూలుగా ఏటా మొత్తం రాబడి 50,000 డాలర్లు లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకు అది. "మనకు మిగిలేది రెండున్నర వేలే కదా, పోస్ట్‌కార్డు చాలు" అని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వాళ్లడిగేది మిగులు కాదు. ఖర్చులు తీయకముందు గల్లాలోకి వచ్చిన మొత్తం. సభ్యత్వాలు 6,000, ఉగాది టికెట్లు 14,000, బతుకమ్మ-దసరా 11,000, దీపావళి 18,000, స్పాన్సర్లు 17,000 అనుకుందాం. అంటే 66,000. ఖర్చు 63,500 అయిందనుకోండి. మీ దృష్టిలో మీది రెండున్నర వేల సంఘం, ఐఆర్ఎస్ దృష్టిలో 66 వేల సంఘం. మూడేళ్లు నిండిన సంఘానికి ఈ ఏడాదిదీ, ముందు రెండేళ్లవీ కలిపి సగటు చూస్తారు కాబట్టి, ఒక్క ఏడాది పెద్ద గాయకుణ్ని పిలిచి 60 వేలు దాటినంత మాత్రాన కంగారు అక్కర్లేదు. సగటే దాటితే 990-ఈజెడ్ వేయాలి. రాబడి 2,00,000 డాలర్లకు, ఆస్తులు 5,00,000కు లోపు ఉంటే అదే సరిపోతుంది. ఈ రెండింటిలో ఏది దాటినా పన్నెండు పేజీల పూర్తి 990, దాని వెనక షెడ్యూళ్లనే అనుబంధాల తోక. అర్హత లేకుండా పోస్ట్‌కార్డు వేస్తే వేసినట్టు కాదు, అది గుర్తుంచుకోండి.

గడువు సంగతి: ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదో నెల 15వ తేదీ. డిసెంబరుతో ముగించేవాళ్లకు మే 15. ఫారం 8868 వేస్తే ఆరు నెలలు, అంటే నవంబరు 15 వరకు, కారణం అడక్కుండా ఇస్తారు. పోస్ట్‌కార్డుకు పొడిగింపు లేదు, ఆలస్యపు జరిమానా కూడా లేదు. ఈజెడ్‌కో పూర్తి ఫారానికో ఆలస్యమైతే చిన్న సంఘాలకు రోజుకింత అని జరిమానా, రాబడిలో 5 శాతమో చట్టం పెట్టిన గరిష్ఠ మొత్తమో ఏది తక్కువైతే అక్కడిదాకా. ఒక్క రోజుది చూస్తే మన సమోసాల బడ్జెట్ కంటే తక్కువే అనిపిస్తుంది. వంద రోజులు కూడబెట్టి చూడండి.

కానీ మే 15 అన్న తేదీలోనే అసలు చిక్కుంది, ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే. మన కమిటీల పదవీకాలం చాలాచోట్ల డిసెంబరుతో ముగుస్తుంది. రిటర్న్ పడేది మేలో. అంటే పాత కమిటీ ఏడాదికి కొత్త కమిటీ లెక్క చెప్పాలి. కింద సంతకం పెట్టే అధికారి "ఇందులో ఉన్నది నాకు తెలిసినంతవరకు నిజం, అబద్ధమైతే శిక్షకు బద్ధుణ్ని" అన్న అర్థం వచ్చే వాక్యం కింద పెడతారు. ఎవరో చేసిన ఖర్చుకు ఆ సంతకం పెట్టాలంటే చేతిలో ఏం ఉండాలి? మన దగ్గర ప్రమాణ స్వీకారానికి శాలువా ఉంటుంది, బొకే ఉంటుంది, ఫోటోగ్రాఫర్ ఉంటాడు. అప్పగింతకు ఏముంటుంది? "అన్నా, లెక్కలు మెల్లగా పంపిస్తాలే" అన్న వాట్సాప్ మెసేజ్.

నేను అడిగేది ఇదీ. శాలువా కప్పే ముందు లెక్క అప్పగించాలని మీ బైలాల్లో రాయండి. ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు, పేపాల్ నివేదికలు, ప్రతి కార్యక్రమానికీ విడిగా రాబడి-ఖర్చు పట్టిక, 250 డాలర్లు దాటిన ప్రతి చందా రసీదు నకలు, సమావేశాల మినిట్స్, ఐఆర్ఎస్ ఇచ్చిన మొదటి నిర్ణయ లేఖ. ఇదంతా ఎవరి సొంత జీమెయిల్‌లోనూ కాక సంఘం పేరు మీదున్న ఖాతాలో ఉండాలి. ఇద్దరు ట్రస్టీలు చూసి సరే అన్నాకే పాతవారిని వేదిక మీద సత్కరించాలి. కఠినంగా ఉందంటారా? పెళ్లిలో అప్పగింతలప్పుడు ఏడ్వరూ? ఇదీ అంతే, ఒక్కరోజు ఏడుపు.

దాంతోపాటు ఫారం 8822-బి. చిరునామా మారినా, ఐఆర్ఎస్ దగ్గర సంఘం తరఫున బాధ్యుడిగా నమోదైన వ్యక్తి మారినా ఇది పంపాలి. బాధ్యుడు మారితే 60 రోజుల్లోపు. రెండు పేజీలు, రుసుము లేదు. కొత్త అధ్యక్షుడి పేరు ఫేస్‌బుక్ బ్యానర్ మీద ఆ సాయంత్రమే మారుతుంది, ఐఆర్ఎస్ రికార్డులో పదేళ్లయినా మారదు. వీలైతే ఎవరి ఇంటి చిరునామానూ ఇవ్వకండి. ఒక పోస్టాఫీసు పెట్టె అద్దెకు తీసుకోండి.

ఇప్పుడు స్పాన్సర్లు. ఇక్కడ వేదిక మీద మైకు పట్టుకునే మన ఎమ్సీలకు ఒక్క మాట. రియల్టరుగారు గోల్డ్ స్పాన్సర్, 2,000 డాలర్లు ఇచ్చారు. ఆయన పేరు, లోగో, ఫోన్ నంబరు తెర మీద వేసి కృతజ్ఞత చెప్పడం తప్పులేదు, చట్టం దాన్ని అర్హమైన స్పాన్సర్‌షిప్ అంటుంది. మన ఎమ్సీ అక్కడితో ఆగడు. "ఈ ఊళ్లో ఇంతకంటే చవగ్గా ఇల్లు ఇప్పించేవాళ్లు లేరు, ఈ రోజే ఫోన్ చేయండి" అంటాడు. పోల్చి చెప్పడం, కొనమని పిలవడం వచ్చాక అది కృతజ్ఞత కాదు, ప్రకటన. ప్రకటన ఆదాయం సంఘం ఆశయంతో సంబంధం లేని వ్యాపార ఆదాయం కింద లెక్కకు రావచ్చు, అలాంటిది ఏడాదికి 1,000 డాలర్లు చేరితే 990-టి అని ఇంకో రిటర్న్ ఉంది. పని దాదాపు అంతా జీతం లేని కార్యకర్తలే చేసినప్పుడు మినహాయింపు ఉంది కాబట్టి చాలాసార్లు బయటపడతాం. బయటపడతాం కదా అని కావాలని వెళ్లి తగిలించుకోవడం ఎందుకు?

రసీదుల దగ్గర ఇంకా పెద్ద పొరపాటు జరుగుతోంది. దీపావళి విందు టికెట్ 100 డాలర్లు. భోజనం, కార్యక్రమం కలిపి విలువ 60 అనుకుంటే కొన్నవాళ్లు పన్నులో చూపుకోగలిగేది 40 మాత్రమే. చెల్లింపు 75 డాలర్లు దాటినప్పుడు ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత సంఘానిదే. చెప్పకపోతే ఒక్కో చెల్లింపుకు 10 డాలర్లు, ఒక కార్యక్రమానికి 5,000 వరకు జరిమానా. మనం మాత్రం "మీ 100 డాలర్ల విరాళానికి ధన్యవాదాలు, పూర్తి పన్ను మినహాయింపు వర్తించును" అని అచ్చువేసిన రసీదు అందరికీ ఒకేలా పంపేస్తాం. ఆయన నెయ్యి కారే పూర్ణాలు నాలుగు తిన్నాడు, దాన్నెలా విరాళమంటాం?

కంపెనీ మ్యాచింగ్ సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను, కాస్త గొంతు తగ్గించి. ఉద్యోగి 1,000 ఇచ్చినట్టు చూపి, కంపెనీ ఇంకో 1,000 ఇచ్చాక, మొదటి వెయ్యిని "ఫోటోగ్రఫీ ఖర్చు" అనో "డెకరేషన్" అనో వెనక్కి ఇచ్చేయడం సాయం కాదు, మోసం. ఆ ఉద్యోగి ఉద్యోగం పోతుంది, మీ సంఘం పేరు పోతుంది, రిటర్న్‌లో ఆదాయంగా ఒకసారి ఖర్చుగా ఒకసారి అబద్ధం రాసినవాళ్లవుతారు. ఎవరైనా ఈ మాట నవ్వుతూ మీ దగ్గర తెస్తే నవ్వకుండా లేచి వెళ్లిపోండి.

ఖర్చుల వైపు మన జబ్బు పేరు "మిసలేనియస్". పూర్తి 990లో ఇతర ఖర్చులు అని చివరి వరస ఒకటుంది, అది మొత్తం ఖర్చులో 10 శాతం దాటితే ఏమిటవి అని షెడ్యూల్ ఓ లో విడిగా రాయాలి. అమెరికాలో ఉండని కళాకారుణ్ని ఇండియా నుంచి పిలిపించి ఇక్కడ ఇచ్చే పారితోషికంలో సాధారణంగా 30 శాతం ముందే పట్టుకుని కట్టాలి, ఆ చెల్లింపు, పట్టుకున్న పన్ను చూపే 1042-ఎస్ ఫారం మార్చి 15కల్లా ఇవ్వాలి. కవర్లో పెట్టి కాళ్లకు దణ్ణం పెట్టి ఇచ్చేస్తే సరిపోదు. అధ్యక్షుడి బావమరిదిగారి క్యాటరింగ్ కూడా ఇలాంటిదే. పెట్టకూడదని ఎవరూ అనరు. ధర బజారు ధరే అయి, అధ్యక్షుడు ఆ ఓటింగులో కూర్చోకుండా, ఆ మాట మినిట్స్‌లో ఉంటే చాలు. ఉండాల్సినదానికంటే ఎక్కువ సొమ్ము సంఘాన్ని నడిపేవాళ్లకో వాళ్ల కుటుంబానికో చేరితే, పుచ్చుకున్నవాళ్ల మీద ఆ అదనపు మొత్తంలో 25 శాతం పన్ను, వెనక్కి కట్టకపోతే 200 శాతం. బావమరిది బతకకోరతాడన్న సామెత ఐఆర్ఎస్ వాళ్లకు తెలియదు.

సొంతూళ్లకు డబ్బు పంపడం గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే. మనలో ప్రతివాడికీ ఒక ఊరుంది, ఆ ఊళ్లో కూలిపోతున్న బడి ఉంది. ఒక సభ్యుడు 5,000 డాలర్లు సంఘానికి ఇచ్చి "ఇది మా ఊరి బడికి పంపండి, మా అన్నయ్య ఖాతా నంబరు ఇదిగో" అంటాడు. మనసు మంచిదే. కానీ ఆ చెక్కు సంఘానికి వచ్చాక ఆ డబ్బు మీద నిర్ణయం బోర్డుది, ఆ సభ్యుడిది కాదు. బోర్డు ఆ పనిని విడిగా పరిశీలించి, ఆమోదించి, ఖర్చయిందో లేదో చూసుకోవాలి. సంఘం వట్టి గొట్టంలా ఇటు పోస్తే అటు పోయేలా ఉంటే ఆయనకు పన్ను మినహాయింపు రాదు. పూర్తి 990 వేసేవాళ్లు విదేశీ సాయం 10,000 డాలర్లు దాటితే షెడ్యూల్ ఎఫ్ లో ఎక్కడికి, ఎంత, ఎలా పర్యవేక్షించారు అని చెప్పాలి. ఈజెడ్‌కు ఆ షెడ్యూల్ లేదు, కాగితాలు ఉంచుకోవాల్సిన బాధ్యత మాత్రం ఉంది.

అవతలి ఒడ్డున ఇంకో చట్టం కాచుకుని ఉంటుంది, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల మీద ఇండియా పెట్టిన నియంత్రణ చట్టం. మన దగ్గర డబ్బు తీసుకునే స్వచ్ఛంద సంస్థకు దాని కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందు న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే చేరాలి. అక్కడ తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు, పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు. అన్నయ్య సేవింగ్స్ ఖాతా ఈ దారిలో ఎక్కడా రాదు. పాపం ఆ అన్నయ్యకే రేపు నోటీసు వస్తే మన సేవ ఆయన మెడకు చుట్టుకుంటుంది.

పూర్తి 990 వేసేవాళ్లు ఆరో భాగాన్ని భయపడకుండా చదవండి, నాకు ఆ ఫారంలో అన్నిటికంటే నచ్చింది అదే. బోర్డులో ఓటున్నవాళ్లు ఎంతమంది, అందులో స్వతంత్రులు ఎంతమంది? మీలో మీకు చుట్టరికాలు, వ్యాపారాలు ఉన్నాయా? మినిట్స్ అప్పటికప్పుడు రాశారా? సొంత లాభానికీ సంఘం పనికీ ముడిపడినప్పుడు ఏం చేయాలో రాసుకున్నారా? తప్పు బయటపెట్టినవాళ్లను కాపాడే విధానం ఉందా? ఈ రిటర్న్ వేసే ముందు బోర్డులో అందరికీ చూపించారా? తమాషా ఏమిటంటే, ఈ విధానాలు కొన్ని పన్ను చట్టం తప్పనిసరి చేసినవి కావని ఆ ఫారంలోనే రాసి ఉంటుంది. అయినా అడుగుతారు. తెలుగువాణ్ని "ఉందా?" అని అడిగితే "లేదు" అనడం నామోషీ. అందుకని అన్నిటికీ "ఉంది" అని టిక్కు పెట్టేస్తాం. లేకపోతే "లేదు" అనే పెట్టండి, దానికి జరిమానా లేదు. లేనిది ఉందని రాసి సంతకం పెడితేనే ప్రమాదం.

పదవుల జాబితా దగ్గర నాకు నవ్వొస్తుంది. ఓటున్న డైరెక్టర్లు, ఆఫీసర్లు అందరి పేర్లూ జీతం సున్నా అయినా రాయాలి, వారానికి సగటున ఎన్ని గంటలు పనిచేశారో కూడా రాయాలి. బ్యానర్ మీద నలభై ఫోటోలున్న సంఘంలో ఈ గంటల గడి నింపడానికి ఫోన్లు చేస్తే ఎవరు పనిచేశారో, ఎవరు ఫోటోకు వచ్చారో ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది. గౌరవ సలహాదారులకు ఓటు లేకపోతే ఆ జాబితాలో చోటు ఉండదు, అలిగితే నా పేరు చెప్పండి.

మూడో భాగం మాత్రం మనసుపెట్టి రాయండి. ఏడాదిలో చేసిన మూడు పెద్ద పనులు, వాటికైన ఖర్చు, ఫలితం చెప్పుకునే చోటు అది. "సాంస్కృతిక కార్యక్రమాలు" అని రెండు ముక్కలు రాసి వదిలేసిన రిటర్న్‌లు ఎన్నో చూశాను. తెలుగు బడిలో ఎంతమంది పిల్లలు, ఎన్ని వారాలు, అక్షరాలు దిద్దించిన అమ్మానాన్నలెందరు అన్నది అక్కడ రాయొచ్చు. కార్యకర్తల శ్రమకు డాలర్లు కట్టి ఆదాయంలో కలపకూడదు, కానీ మాటల్లో చెప్పుకోవడానికి అడ్డులేదు. కిరాణా కొట్టువారు ఇచ్చిన బియ్యం బస్తాలను మాత్రం బజారు ధర కట్టి విరాళాల్లో రాయాలి. ఇవన్నీ మర్చిపోయి మనం లెక్కల ఫారం అనుకుంటాం గానీ, ఆ సంఘం ఆ ఏడాది ఏం చేసిందో ముప్పయ్యేళ్ల తర్వాత చదవడానికి మిగిలే కాగితం బహుశా అదొక్కటే. సావనీర్లు గ్యారేజీల్లో చెదలు పడతాయి.

ఇంకోటి, ఇదేమీ రహస్య పత్రం కాదు. గత మూడేళ్ల రిటర్న్‌లు ఎవరడిగినా చూపించాలి, ఎదురుగా వచ్చి అడిగితే ఆ రోజే, ఉత్తరం రాసి అడిగితే 30 రోజుల్లో. దాతల పేర్లు మాత్రం చూపక్కర్లేదు. ఐఆర్ఎస్ సైట్‌లోనూ, ప్రోపబ్లికా వారి నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌లోనూ ఎవరైనా పేరు కొట్టి చదువుకోవచ్చు. "ఆ డబ్బంతా ఏమైందో" అని వాట్సాప్ గ్రూపుల్లో అర్ధరాత్రి దాకా కాకి లెక్కలు వేసే సభ్యులు, పగలు ఐదు నిమిషాలు అక్కడ చూస్తే సగం గొడవలు తగ్గుతాయి. మిగతా సగం లెక్కల గురించి కాదులెండి.

సీపీఏకు ఇవ్వండి, తప్పులేదు, పూర్తి 990 అయితే తప్పకుండా ఇవ్వండి. ఆయన మీరిచ్చిన అంకెలనే గళ్లలో పెడతారు, దీపావళి క్యాష్ బాక్సులో ఎంతుందో ఆయనకు కలలో కనబడదు. మీ రాష్ట్రపు చిట్టా కూడా వేరే ఉంటుంది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు అటార్నీ జనరల్ దగ్గర ఆర్ఆర్ఎఫ్-1 అనే ఫారం, రాష్ట్ర పన్ను చూసే ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డుకు ఫారం 199 మరవకండి. చాలా రాష్ట్రాల్లో విరాళాలు అడగడానికే ముందు నమోదు కావాలి.

మా సంఘానికి మినహాయింపు తిరిగి వచ్చింది. ఆ తర్వాతి ఉగాదికి, పంచాంగ శ్రవణం అయ్యాక ఐదు నిమిషాలు అడిగి తీసుకున్నాను. మొదటి పేజీలోని అంకెలు చదివాను: ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది. సగం మంది భోజనాల వరసలోకి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో ఒకావిడ లేచి, డీజేకి ఎందుకంత అయింది అని అడిగింది. జవాబు చెప్పాం. మరుసటి ఏడాది డీజే ఖర్చు తగ్గింది.

మీరు ఈ వారమే ఒక పని చేయండి. మీ సంఘం చివరిసారి వేసిన రిటర్న్ తీసి, పైన చిరునామా గడిలో ఎవరి ఇల్లు ఉందో చూడండి. ఆయన ఇప్పుడు ఎక్కడుంటున్నారో కనుక్కుని, ఫోన్ చేసి, "అన్నా, మీకు ఐఆర్ఎస్ నుంచి ఏమన్నా కవర్లు వచ్చాయా?" అని అడగండి.

ఇట్లు,
ఒక మాజీ కోశాధికారి